జీపు లీవర్లకు కట్టిన కాప్పు

నాది ముక్కు మీద కోపం. తమిళనాట మా రాజపాళయంలో నన్ను ఎరిగినవాళ్ళు ఎవరైనా ఈ మాటే చెబుతారు కాబట్టి ముందుగా నేనే చెప్పేస్తున్నాను. ఆ కోపంతోనే ఇరవై రెండేళ్ళ వయసులో మా అన్నను వాకిట్లో నిలబెట్టి, ఇంకోసారి ఈ గడప తొక్కవద్దన్నాను.

అన్న నూలు మిల్లులో ఫిట్టరు. అదే మిల్లులో పనిచేసే ఒక అరవ పిల్లను, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పెళ్ళి చేసుకుని, మెడలో దండలతోనే నేరుగా ఇంటికి తీసుకొచ్చాడు. నాన్న పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఇంటికి నేనే పెద్దనన్నట్టు, మా వంశం మర్యాద మొత్తం నా భుజాల మీదే ఉన్నట్టు అరిచాను. అమ్మ ఏదో అనబోయింది. ఆమె నోరు తెరిచేలోపలే అనవలసినవీ అనకూడనివీ నేను అనేశాను. అన్న అమ్మ వైపు ఒకసారి చూసి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగాడు. ఆ సాయంత్రం బస్సుకే ఇద్దరూ కోయంబత్తూరు వెళ్ళిపోయారు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. అప్పుడు నాకు తీసుకోవాలని కూడా లేదు.

నెలలోపల ఒక కార్డు వచ్చింది. కొత్త మిల్లులో చేరాడట, మిల్లు వాళ్ళే లైన్ ఇల్లు ఇచ్చారట. అడ్రసు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. అమ్మకు చదువు రాదు.

“ఏమి రాసినాడురా?” అంది.

“బాగుండాడట.”

“జవాబు రాయి, నాయనా.”

“రాస్తానులే” అన్నాను.

రాయలేదు. అమ్మ ఇంకో రెండు మూడుసార్లు అడిగింది. నేను విసుక్కున్నాక అడగడం మానేసింది. అన్న కూడా మళ్ళీ రాయలేదు. అలా రెండేళ్ళు గడిచాయి.

ఆ రోజుల్లో నేను ఒక మొదలాళి దగ్గర జీపు తోలేవాణ్ణి. మొదలాళి అంటే యజమాని. ఆయనకు పడమటి కొండల అడుగున మామిడి తోపు ఉండేది. జీపు యుద్ధం అయ్యాక పట్టాళం, అంటే సైన్యం వాళ్ళు, ఏలం వేసినది. స్టీరింగు ఎడమవైపు. పైన బూడిదరంగు వేయించినా, గీసుకుపోయిన చోటల్లా కింద పచ్చరంగు కనిపించేది. పొద్దున్నే తోపుకు పోవడం, సాయంత్రం తిరిగి రావడం, నడుమ ఎరువు, గంపలు, కావలివాళ్ళకు బియ్యం మోయడం, అదే నా పని. తోపులో మనుషులు లేక కాదు. నాతో మాట్లాడితే మీదపడి కరుస్తానని అందరూ రెండు మాటలతో సరిపెట్టేవాళ్ళు. మధ్యాహ్నం జీపు నీడలో ఒక్కణ్ణే కూర్చుని క్యారియర్ విప్పుకునేవాణ్ణి. చిన్నప్పటినుంచి అన్నా నేనూ ఒకే చాప మీద పడుకున్నవాళ్ళం. పక్కన మనిషి లేకుండా నాకు ఆ రెండేళ్ళలో ఒక్కరోజూ సరిగా నిద్ర పట్టలేదు. ఇది ఎవరితోనూ అనలేదు.

జీపు సంగతి కొంచెం చెప్పాలి. డ్రైవరు కుడిచేతి పక్కన మామూలు గేరు రాడ్డు కాకుండా రెండు పొట్టి లీవర్లుంటాయి. మొదటిది ముందు చక్రాలది. ముందుకు తోస్తే ఇంజను బలం వెనక చక్రాలకే పోతుంది. వెనక్కి లాగితే ముందు చక్రాలకు కూడా పోయి నాలుగూ కలిసి లాగుతాయి. రెండోది కొండెక్కేటప్పుడు బండిని ఇంకా మెల్లగా, బలంగా నడిపించడానికి. దాన్ని మామూలుగా వెనకనే ఉంచుతాం. కాబట్టి మామూలు రోడ్డులో ఒక లీవరు ముందుకు, ఒకటి వెనక్కి ఉంటుంది. నాలుగు చక్రాలూ కలిపినప్పుడు మాత్రం రెండూ వెనక పక్కపక్కనే ఉంటాయి. తోపుకు ముందు ఏటి ఇసుక దాటాలి, అక్కడ నాలుగు చక్రాలూ లేకపోతే కదలదు. నేను ఏటి దగ్గర లాగేవాణ్ణి, మట్టిరోడ్డు ఎక్కాక ఒక్కోసారి తోసేవాణ్ణి, ఒక్కోసారి మరిచిపోయేవాణ్ణి. మరిచిపోయినా ఏ ఇబ్బందీ కనిపించలేదు.

ఆ ఏడాది ఊరినుంచి ఏటిదాకా తారు రోడ్డు వేశారు. తారు పోసిన కొత్తలోనే ఆయుధపూజ వచ్చింది. ముందురోజు నేను ఇసుక దాటి నేరుగా ఇంటి పక్కనున్న కొట్టంలోకి బండి తోలుకొచ్చి, కడిగి, అలాగే వదిలేశాను. రెండు లీవర్లూ వెనక పక్కపక్కనే ఉన్నాయి.

పూజ రోజు అమ్మ జీపుకు చందనం, కుంకుమ పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. తరువాత కొంగులోనుంచి పసుపు ముంచిన దారం, ఒక పసుపు కొమ్ము తీసింది. మా వాళ్ళలో అమ్మవారికి మొక్కుకుంటే చేతికి కాప్పు కట్టుకుంటారు. మొక్కు తీరేదాకా దాన్ని విప్పకూడదు, తెంపకూడదు. అమ్మ ఆ కాప్పును రెండు లీవర్లకూ కలిపి చుట్టి, మూడు ముళ్ళు వేసింది.

“ఇదేమి?” అన్నాను.

“ఇది పెద్దోడు, ఇది చిన్నోడు” అంది లీవర్లను తాకి. “ఇద్దరి చేతులకీ కలిపి కట్టాలని మొక్కుకున్నాను. వాని చెయ్యి ఈడ లేదే. అందుకని దీనికి కట్టినాను. దారం దానంతట అదే అరిగి రాలిపోతే వాడు వచ్చేస్తాడు. నువ్వు మాత్రం చెయ్యి పెట్టవద్దు, సామీ.”

నేను ఏమనగలను? అన్నను వెళ్ళగొట్టింది నేను. ఒక్క మాట నిందగా అనకుండా రెండేళ్ళు నాకు అన్నం పెట్టింది ఆమె. “శరిమ్మా, పెట్టను” అన్నాను.

అలా నేను తారు రోడ్డు మీద నాలుగు చక్రాలూ కలిపే తోలడం మొదలుపెట్టాను. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమన్నట్టు, ఇసుకకూ తారుకూ ఒకే లీవరు. రెండు చక్రాలకన్నా నాలుగు చక్రాలు లాగితే మంచిదే కదా అనుకున్నాను. వారం తిరక్కుండానే స్టీరింగు బరువెక్కింది. మలుపుల్లో ఎవరో ముందు చక్రాలను పట్టుకుని వెనక్కి గుంజుతున్నట్టుండేది. ఇంకో పదిరోజులకు మలుపు తిరిగినప్పుడల్లా టైర్లు కీచుమనేవి, కిందనుంచి టక్కుమని చప్పుడు వచ్చేది. బ్రేకులు పట్టుకున్నాయని విప్పి చూశాను, బాగానే ఉన్నాయి. ముందు టైర్లు అరిగాయని మొదలాళి ముందుకు మాత్రం రెండు కొత్త టైర్లు వేయించాడు. దాంతో నేరుగా పోతున్నప్పుడు కూడా బండి ముక్కడం మొదలుపెట్టింది. మొదలాళి వేటకుక్క ఎప్పుడూ జీపు తీస్తే చాలు ముందు ఎక్కేది. అది కూడా ఆ కుదుపులకు ఒకరోజు నడుమ దారిలో దూకి నడిచే ఇంటికి పోయింది.

“నీకు బండి తోలేది మరిచిపోయినదారా?” అన్నాడు మొదలాళి. “ఈ నెలలోపల సరిచెయ్యకపోతే వేరే ఆళ్ళను చూస్తాను.”

ఇంకెవరైనా అని ఉంటే నేను ఊరుకునేవాణ్ణి కాదు. ఆ రోజు ఊరుకున్నాను. జీపు పోతే నాకు ఉద్యోగం పోవడం ఒకటి. అమ్మ కాప్పు వేరేవాడి చేతిలో పడడం ఇంకొకటి.

కార్తికలో ఒక ఉదయం, పత్తి బేళ్ళ బండ్లు నిలిచే మూల తిరుగుతుండగా జీపు ఆగిపోయింది. ఇంజను తిరుగుతోంది, బండి కదలదు. వెనక ఎడ్లబండ్ల వాళ్ళు అరుస్తున్నారు. నలుగురు తోసి తెన్‌కాసి రోడ్డులో ఉన్న పట్టరైకి, అంటే రిపేరు షెడ్డుకు, చేర్చారు. అక్కడి మెకానికు యుద్ధంలో పట్టాళంలో జీపులు చూసినవాడు. పెద్దాయన. ఆయన లీవర్ల వైపు చూశాడు, దారం వైపు చూశాడు, నా వైపు చూశాడు.

“ఎవరు కట్టినది?”

“అమ్మ.”

ఆయన ఇంజను ఆపమన్నాడు. ముందు చక్రం కింద జాకీ పెట్టి మెల్లగా ఎత్తాడు. చక్రం నేలను వదిలిన క్షణంలో, ఎవరూ ముట్టుకోకుండానే, దడాలుమని అర చుట్టు తిరిగి ఆగింది. నేను రెండడుగులు వెనక్కి గెంతాను.

“చూస్తివా తంబీ? ఇన్నాళ్ళూ అంత మురిక, అంత పురి లోపలే పెట్టుకునుండాది” అన్నాడు.

తరువాత నన్ను ఒక స్టూలు మీద కూర్చోబెట్టి అడిగాడు. “కళ్లంలో ఎద్దులతో తొక్కించేది చూసినావా?”

“చూసినాను.”

“గుంజ పక్కన తిరిగే ఎద్దూ, కొసన తిరిగే ఎద్దూ ఒకే దూరం నడుస్తాయా?”

“కొసదే ఎక్కువ నడుస్తాది.”

“అంతే. మలుపు తిరిగితే బయటి చక్రం ఎక్కువ నడవాల, లోపలిది తక్కువ. అందుకుదా ఇరుసు నడుమ డిఫరెన్షియల్ అని పళ్ళచక్రాల గుండు పెట్టినారు. ఎవని దూరం వాడు నడిచేదానికి అది విడుస్తాది. వెనక ఇరుసుకొకటి, ముందు ఇరుసుకొకటి. నీ అన్న ఉన్నాడే, మిల్లులో దారం చుట్టే మిషన్ల లోపల కూడా అట్లాంటిది ఉంటాది. ఆయన్ను అడిగి ఉంటే ఒక నిమిషంలో చెప్పేవాడు.”

ఊళ్ళో అన్న సంగతి అందరికీ తెలుసు. ఆయన అది గుచ్చడానికి అనలేదు. అయినా గుచ్చుకుంది.

ఆయన లేచి రెండు బిందెల నీళ్ళు తెచ్చి షెడ్డు ముందు మట్టిలో పోశాడు. దారాన్ని తెంపలేదు. రెండు లీవర్ల పైనుండే నల్ల గుండ్లను మరలు తిప్పి ఊడదీసి, కాప్పును ముడులతో సహా జాగ్రత్తగా పైకి తీసి నా చేతిలో పెట్టాడు. ముందు చక్రాల లీవరును ముందుకు తోశాడు, ఇప్పుడది వెన్నలో కదిలినట్టు కదిలింది. తడి మట్టిలో జీపును మెల్లగా అర చుట్టు తిప్పి ఆపి, “దిగి చూడు” అన్నాడు.

మట్టిలో నాలుగు గీతలున్నాయి. వెనక చక్రాల జాడ ముందు చక్రాల జాడ మీద పడుతుందని నేను ఏళ్ళ తరబడి అనుకున్నాను. పడలేదు. ముందువి బయటగా చుట్టుకుపోయాయి, వెనకవి లోపలగా అడ్డదారి పట్టాయి. నాలుగింటికీ నాలుగు దూరాలు.

“ఎడమకీ కుడికీ తగువొస్తే తీర్చేదానికి ఇరుసుల్లో ఆ గుండ్లున్నాయి” అన్నాడు ఆయన. “ముందరికీ వెనకకీ తగువొస్తే ఈ బండిలో తీర్చేవాడు లేడు. నువ్వు లీవరు లాగితే నడుమ పెట్టె రెండిటినీ కలిపి కట్టేస్తాది, అంతే. ముందరివి ఎక్కువ నడవాలంటాయి, వెనకవి విడవవు. ఇసుకైతే ఏదో ఒక చక్రం జారి సరిపెట్టుకుంటాది. తారు జారనియ్యదు. అప్పుడు ఇరుసులు పురి ఎక్కుతాయి, పళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకుని పట్టుకుంటాయి. లీవరు ముందుకు తోసినా రాదు. టైర్లు ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే నేరుగా పోయినా అదే కథ.”

“రానప్పుడు ఏమి చెయ్యాల?”

“బలంగా తోస్తే విరుగుతాది. తెగేదాకా లాగేది నీ గుణమని నాకు తెలుసు. కొంచెం వెనక్కి పో. పదడుగులు రివర్సులో పోతే పురి విడుస్తాది. ఎవడికైనా వెనక్కి పోయేదే కష్టం.” లీవరు గుండ్లు మళ్ళీ బిగిస్తూ, “ఇంటికి పోయి అమ్మకు ఉండేది ఉన్నట్టు చెప్పు” అన్నాడు.

ఆయన చెప్పినదాంట్లో జీపు భాగం నాకు పూర్తిగా అర్థమైంది. ఆ రోజునుంచి ఈ రోజుదాకా నేను తారు మీద ఆ లీవరు లాగలేదు. ఇంకో భాగాన్ని చెవిన వేసుకోలేదు.

అమ్మకు చెప్పలేదు. చెప్పాలంటే కాప్పు తీశానని చెప్పాలి. కాప్పు తీశానంటే అన్న రాడని నేనే తేల్చినట్టవుతుంది. అందుకని ఒక ఉపాయం పట్టాను. అమ్మ రోజూ తెల్లవారగానే ముగ్గు వేసి, కొట్టంలోకి వచ్చి కాప్పును కళ్ళకద్దుకునేది. ఆమె వెళ్ళిపోయాక నేను బండిని వీధి మలుపుదాకా పోనిచ్చి, గుండ్లు ఊడదీసి, దారం పైకి తీసి మణికట్టుకు వేసుకునేవాణ్ణి. సాయంత్రం అదే మలుపులో ఆగి, రెండు లీవర్లూ పక్కపక్కకు తెచ్చి, దారం తొడిగి, గుండ్లు బిగించేవాణ్ణి. కార్తికనుంచి చిత్తిరైదాకా, ఐదారు నెలలు, ఆదివారాలు తప్ప, ఒక్కరోజూ తప్పకుండా చేశాను. నాకు అందులో గర్వం కూడా ఉండేది. జీపు బాగుంది, మొదలాళి ఊరుకున్నాడు, అమ్మ మనసు చెడలేదు. ఇంత చక్కగా మూడు పనులు చక్కబెట్టినవాడు ఊళ్ళో ఇంకొకడుండడని అనుకునేవాణ్ణి. దారం మాత్రం నా చెమటకు నల్లబడి సన్నబడింది. అమ్మ దాన్ని చూసి ప్రతి వారం సంతోషించేది. “అరుగుతా ఉండాదిరా” అనేది. ఆ మాట విన్నరోజు నాకు అన్నం సహించేది కాదు. దాన్ని అరగదీస్తున్నది నా చెయ్యే.

చిత్తిరై ఎండల్లో ఒక మధ్యాహ్నం క్యారియర్ మరిచిపోయి, తినడానికి ఇంటికి వచ్చాను. ఆకలి మీద బండి వాకిట్లో ఆపి, కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాను. అమ్మ అన్నం వడ్డించి, చారు పోయబోయి ఆగింది. నా చేతినే చూస్తోంది. చూసుకున్నాను. కాప్పు మణికట్టుకే ఉంది.

ఇంక దాచి లాభం లేదని అంతా చెప్పాను. చక్రాలు, దూరాలు, పురి, లీవరు గుండ్లు, అంతా. అమ్మ చివరిదాకా వింది. ఏడవలేదు, కోపగించుకోలేదు. చారు పోసి, గరిటె పక్కన పెట్టింది.

“దినమూ ఊడదీసి, దినమూ తొడిగేదానికి ఇన్ని నెలలు పాటుపడినావే” అంది. “రెండు వరసలు కాగితం రాసేదానికి ఎంతసేపు పట్టుంటాదిరా?”

కాప్పు అని, అమ్మవారని, అరిగి రాలాలని ఆమె ఎంత నమ్మినా, అన్న రావడానికి కావలసింది ఏమిటో ఆమెకు మొదటినుంచి తెలుసు. నన్ను అడిగి అడిగి, నేను విసుక్కుంటే, ఇక దేవుణ్ణి అడిగింది. నా చేత కానిపని దారం మీద వేసింది. పీట మీదే కూర్చుని, జీవితంలో మొదటిసారి అమ్మ ముందు ఏడ్చాను. దారం తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని దేవుడి మూల పెట్టింది.

మర్నాడు మొదలాళిని రెండురోజులు సెలవడిగి కోయంబత్తూరు బస్సెక్కాను. కార్డు రాస్తే చాలదని, మనిషే పోవాలని అనిపించింది. దారి పొడుగునా అనవలసిన మాటలు కూర్చుకున్నాను. తప్పు నాదే, వదినతో సహా ఇంటికి రా, అమ్మ చూడాలంటోంది. ఇంతకన్నా ఏమీ కాదు. పది గంటల ప్రయాణంలో ఈ మూడు మాటలు నేర్చుకున్నాను.

మిల్లు వెనక లైన్ ఇళ్ళ వరసలో అన్న రాసిన నంబరు దొరికింది. తలుపు ముందు ముగ్గు ఉంది, లోపలనుంచి ఎవరో కొత్తవాళ్ళు తొంగిచూశారు. పక్కింటి ముసలావిడ నా ముఖం చూడగానే, తమ్ముడివా అని అరవంలో అడిగింది. అదే ముక్కట, అదే నడకట. వాళ్ళు పంగునిలో ఖాళీ చేశారని చెప్పింది. బొంబాయి వైపు ఏదో మిల్లు, ఊరిపేరు తనకు నోరు తిరగదట. ఇద్దరూ, ఒక ఏడాది ఆడపిల్లా. మిల్లు ఆఫీసులో అడిగాను. పని మానేసినవాళ్ళ అడ్రసులు తమ దగ్గర ఉండవన్నారు. ముందటి నెల పంగుని. ఆ నెలంతా నేను రాజపాళయంలో వీధి మలుపులో ఆగి లీవర్ల గుండ్లు తిప్పుతున్నాను.

బయలుదేరేటప్పుడు ఆ ముసలావిడ నన్ను ఆపి, మజ్జిగ ఇచ్చి, ఇంకో మాట చెప్పింది. అన్న పోస్టుమ్యాన్ వచ్చే వేళకు గుమ్మంలో నిలబడేవాడట. మా తమ్ముడు ఒక్క వరస రాస్తే చాలు, మర్నాటి బస్సుకే పోతానని ఆమెతో ఎన్నోసార్లు అన్నాడట. పొంగలుకు ముందు పెట్టె కూడా సర్ది, మూడురోజులు చూసి, మళ్ళీ విప్పేశాడట.

ఇంటికి వచ్చి అమ్మకు అన్నీ చెప్పాను. బొంబాయి వైపు పోయారని, అడ్రసు లేదని, మనవరాలు పుట్టిందని. పెట్టె సంగతి చెప్పలేదు. తెలిసిన మిల్లు మనుషులందరినీ అడిగాను, బొంబాయి పోయి వచ్చినవాళ్ళ ఇళ్ళకు పోయి అడిగాను. ఏ కబురూ రాలేదు. అమ్మ ఆ తరువాత తొమ్మిదేళ్ళు బతికింది. మనవరాలి వయసు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ, ఈ ఏడు బళ్ళో వేసుంటారు, ఈ ఏడు జడ వేసుంటారు అనేది. ఒక్కోసారి అన్నం తింటూ ఆగి, “వాడు మనల్ని అనుకుంటా ఉంటాడారా?” అని అడిగేది.

“అనుకుంటాడమ్మా.”

“నీకెట్ల తెలుసు?”

తెలుసు. ఆ పెట్టె సంగతి తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేకపోయాను.